ఎడమ పక్క రెండు సూతులు

గడ్డి కోసే ట్రాక్టరు మా కాలనీకి వచ్చిన ఏడాది నాకు ముప్పై తొమ్మిది. కొండ మీద ఇనుప రాయి తవ్వుతారు, కొండ కింద మేముంటాం. క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, పెద్ద మైదానం, గెస్ట్ హౌస్ ముందు పచ్చిక. ఈ పచ్చదనం అంతా తోట సెక్షన్ చూసుకోవాలి, తోట సెక్షన్‌ను నేను చూసుకోవాలి. ఉసూర్ అవతల, తెలంగాణ సరిహద్దు దగ్గరి ఊరు మాది. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. లెక్క మాత్రం ఆగలేదు. గట్లు కొలిచాను, కలప కొలిచాను, తర్వాత కాలనీలో మాలీగా చేరి పూల మళ్ళ మధ్య దూరం కొలిచాను. ఆ కొలతల వల్లే నన్ను సూపర్‌వైజర్‌ను చేశారు. చొక్కా జేబులో టేపు, ప్యాంటు జేబులో నోటు పుస్తకం లేకుండా నేను గుమ్మం దాటలేదు. పనివాళ్లు వెనక నన్ను "నాప్‌వాలా" అనేవాళ్లు, అంటే కొలిచేవాడని. "ఆయన ఇంట్లో రొట్టె కూడా టేపు పెట్టి కొలిచాకే తింటాడట" అని నవ్వుకునేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. కొలవకుండా మాట్లాడేవాళ్ల మీద నాకు అప్పటికే నమ్మకం లేదు.

ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు, అందులో సగం కూడా ఉండదు. సీటు మీద ఒక మనిషి కూర్చుంటాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య, పొట్ట కింద, బోర్లించిన వెడల్పాటి ఇనుప పళ్లెం ఒకటి వేలాడుతుంది. దాన్ని డెక్కు అంటారు. దాని లోపల రెండు బ్లేళ్లు గిర్రున తిరిగి గడ్డి కోస్తాయి. డెక్కు నాలుగు కడ్డీలకు వేలాడుతుంది కాబట్టి ఏ కడ్డీ నట్టు ఎంత బిగించామన్న దాన్ని బట్టి ఆ మూల లేస్తుంది, దిగుతుంది. కుడి ఎడమలు సమానంగా లేకపోతే ఒక పక్క గడ్డి పొడుగ్గా, ఒక పక్క నేల గీరుకుపోయి చారలు పడతాయి. దూరం నుంచి చూస్తే మైదానం మీద ఎవరో చారల దుప్పటి పరిచినట్టుంటుంది.

దాన్ని నడిపే మనిషి విజయనగరం వైపువాడు. వాళ్ల నాన్న కొండ రాయి మోసే రైలు మార్గం వేసినప్పుడు వచ్చి గ్యాంగులో పనిచేశాడు. కొడుకు రాయి జల్లెడ పట్టే ప్లాంటులో కాంట్రాక్టు మీద తొమ్మిదేళ్లు ఉన్నాడు. అక్కడి ఎర్ర ధూళి సంగతి చూసినవాళ్లకు తెలుసు. తుమ్మితే రుమాలు ఎర్రబడుతుంది. తొమ్మిదో ఏట అతనికి దగ్గు పట్టుకుని వదల్లేదు. ఇంకో రెండేళ్లు ధూళిలో ఉంటే మనిషి దక్కడని ఆస్పత్రి డాక్టరు చెప్తే, ఎవరెవరి కాళ్లో పట్టుకుని తోట సెక్షన్‌కు మారాడు. ట్రాక్టరు ఎక్కిన నాలుగు నెలలకు దగ్గు తగ్గింది. అంటే ఆ సీటు అతనికి ఉద్యోగం ఒక్కటే కాదు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా నేను చేసింది చేశాను.

జూలైలో ఒక శనివారం ఎడమ వెనక చక్రానికి మేకు దిగింది. కాలనీలో ఆ సైజు ట్యూబు అతుకు వేసేవాడు లేక, చక్రం విప్పి పికప్‌లో వేసి అతన్ని గీదం పంపాను. సాయంత్రానికి తెచ్చి బిగించేశాడు.

"గాలెంత పెట్టిండు?" అన్నాను.

"పన్నెండన్నాడు బాబూ. అంతా బాగా సేసినాడు, ఇంక మూడేళ్లు సూడక్కర్లేదన్నాడు."

గేజీ పెట్టి చూశాను. పన్నెండు పౌండ్లు, సరిగ్గా. రాసుకున్నాను.

చక్రం విప్పి బిగించాక డెక్కు మళ్లీ సరిచూడాలి. నా పద్ధతి ఇది. ముందు షెడ్డు నేల సమంగా ఉందో లేదో చూడాలి. తాపీ మేస్త్రులు వాడే పారదర్శకపు గొట్టంలో నీళ్లు పోసి, రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుని, షెడ్డు నేలలో అచ్చంగా సమంగా ఉన్న చోటు ఒకటి వెతికి, నాలుగు చక్రాలు ఎక్కడ నిలవాలో సుద్దతో గీశాను. ట్రాక్టరు అక్కడే నిలపాలి. పొరపాటున ఇంజను తిరగకుండా ప్లగ్గు వైరు పీకెయ్యాలి. నాలుగు చక్రాల్లో గాలి చూడాలి. గాలి చూసేటప్పుడు చక్రాన్ని కాస్త దొర్లించి, గాలి ముక్కు పైకి వచ్చేలా పెట్టాలి, లారీలవాళ్ల దగ్గర నేర్చుకున్న అలవాటు. అప్పుడు చేతికి తోలు తొడుగు వేసుకుని, బ్లేళ్లను అడ్డంగా తిప్పి, ఎడమ బ్లేడు బయటి కొస నుంచి నేలకు ఎంత, కుడి బ్లేడు బయటి కొస నుంచి నేలకు ఎంత కొలవాలి. అంగుళానికి ఎనిమిది సూతులు. ఒక సూతు కంటే తేడా ఉండకూడదు. తర్వాత బ్లేళ్లను నిలువుగా తిప్పి, ముందు కొస వెనక కొస కంటే రెండు సూతులు కిందికి ఉండేలా ముందు కడ్డీ నట్లు తిప్పాలి. లేకపోతే కోసిన గడ్డినే మళ్లీ కోస్తూ ఇంజను మూలుగుతుంది.

ఆ సోమవారం ఎడమ మూడంగుళాలు, కుడి మూడంగుళాలు. అరసూతు తేడా కూడా లేదు. నట్లు బిగించి, లేచి నడుము పట్టుకుని, "పో, కొయ్యి," అన్నాను.

శనివారానికి మైదానం మీద చారలు.

నేను పుస్తకం తీసి చూశాను. కొత్తగా అతుకు వేసిన చక్రం కదా అని ఆ వారం నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గాలి చూడడం మొదలుపెట్టాను, అంకెలు కళ్ల ముందు ఉన్నాయి. ఎడమ వెనక చక్రం పన్నెండు, పదకొండున్నర, పదకొండు, అలా దిగుతూ శనివారానికి తొమ్మిది. కుడి చక్రం పన్నెండుకు పన్నెండు. ఎడమ చక్రం మెత్తబడి బండి అటు ఒరిగింది. డెక్కు కొలిస్తే ఎడమ పక్క రెండు సూతులు కిందికి ఉంది.

పంక్చరు సరిగ్గా వేయలేదనుకుని సబ్బు నురుగు తెచ్చి టైరు చుట్టూ, గాలి ముక్కు మీద, రిమ్ము అంచు మీద రాశాను. అరగంట చూశాను. ఒక్క బుడగ లేదు. ఆదివారం బండి కదల్లేదు. అతను చర్చికి వెళ్తాడు, నేనూ రాను. సోమవారం పొద్దున చూస్తే శనివారం సాయంత్రం ఉన్న తొమ్మిదీ తొమ్మిదిగానే ఉంది.

ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో దాచకుండా రాస్తాను. చిల్లు ఉంటే ఆదివారం కూడా కారాలి. కారలేదు. అంటే చిల్లు లేదు. చిల్లు లేకుండా గాలి తగ్గిందంటే ఎవరో తీస్తున్నారు. ఆదివారం తియ్యలేదంటే, ఆదివారం రాని మనిషే తీస్తున్నాడు. మూడు మెట్లు, ఒక్కటి కూడా వదులుగా లేదు. గేజీ పెట్టిన ప్రతిసారీ 'ఫుస్' మని కాస్త గాలి పోతుందన్న సంగతి నాకు తోచలేదా అంటే, తోచింది. దానికీ జవాబు రాసుకున్నాను: కుడి చక్రానికీ అన్నిసార్లే గేజీ పెడుతున్నాను, అది తగ్గలేదు, కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

ఎందుకు తీస్తాడు? దానికీ కారణం దొరికింది. వెతికితే దొరకంది ఏముంది. ఈ ట్రాక్టరు రాకముందు మైదానం గడ్డి పన్నెండుమంది ఆడవాళ్లు కొడవళ్లతో కోసేవాళ్లు. బండి వచ్చాక వాళ్లకు ఆ కూలీ పోయింది. ఆ పన్నెండుమందిలో అతని పెళ్లాం ఒకతె. బండి పనికిరాదని తేలితే మళ్లీ కొడవళ్లు పిలుస్తారు. భార్యకు కూలీ దొరుకుతుంది, అతను ఎలాగూ సెక్షన్‌లోనే ఉంటాడు. నాకు అంతా అమరినట్టు అనిపించింది.

పంపుతో చక్రం మళ్లీ పన్నెండుకు కొట్టాను. నాలుగు దెబ్బలకే ఎక్కింది. పంపు మంచిదని మురిసిపోయాను కూడా. డెక్కు మళ్లీ సమం చేశాను. అతన్ని పిలిచాను.

"ఈ చక్రంలో గాలి ఎందుకు తగ్గుతున్నది?"

"నాకేటి తెలుసు బాబూ. మీరే కదా రెండు పూటలా సూత్తన్నారు."

"నువ్వేమన్నా తీసినవా?"

అతను ముందు నవ్వాడు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. నా ముఖం చూసి నవ్వు ఆపాడు.

"నానెందుకు తీత్తాను? ఏటొత్తాది నాకు?"

"తియ్యలేదని ఒట్టెయ్యి."

"ఒట్లు మా వోళ్లు ఎయ్యరండి. పాస్టరుగారు ఎయ్యొద్దంటారు. తియ్యనేదని సెప్తన్నాను కదా."

ఒట్టు వేయనన్నాడు. పుస్తకంలో ఆ రోజు అంకెల పక్కన ఆ మాట కూడా రాసుకున్నాను. అతని మతంలో అది పద్ధతి కావచ్చని నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా నమ్మేవాణ్ని కాను. దొంగకు మంచి సాకు దొరికిందనుకునేవాణ్ని.

రెండో వారం రోజుకు నాలుగుసార్లు చూశాను. పొద్దున బండి తీసేముందు, పదింటికి టీకి ఆపినప్పుడు, మధ్యాహ్నం భోజనానికి వెళ్లగానే, సాయంత్రం. ఏ గంటలో తగ్గుతోందో పట్టుకుంటే ఆ గంటలో బండి దగ్గర ఎవరున్నారో తెలుస్తుందని నా ఆలోచన. ఈసారి గాలి ఇంకా వేగంగా పడింది. రోజుకు ఒక పౌండు. బుధవారానికే తొమ్మిది. మళ్లీ పన్నెండుకు కొట్టాను. శనివారానికి మళ్లీ తొమ్మిది. నా నిఘా పెరిగేకొద్దీ అతని మొండితనం పెరుగుతోందని అర్థం చేసుకున్నాను. నేను చూస్తున్నానని తెలిసి, నా మీద కక్షతో, ఇంకా తీస్తున్నాడు.

ఆ గురువారం మధ్యాహ్నం నేను చక్రం పక్కన గొంతుకు కూర్చుని గేజీ పెడుతుంటే అతని భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. క్వార్టర్లలో పాచిపని చేస్తోంది అప్పటికి. కాసేపు నిలబడి చూసింది.

"ఏటి బాబూ, సెక్రానికి జొరమా? పూటకోసారి సూత్తన్నారు?"

నేను గేజీ తీసి అంకె రాసుకున్నాను.

"మా ఆయన గాలి తీసీ మనిసే అయితే, ఈ బండిది కాదు బాబూ, ముందు మీది తీసును."

అవతల చెట్టు కింద అన్నం తింటున్న మాలీలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తెలుగు రానివాళ్లకు వచ్చినవాళ్లు గోండీలో చెప్పారు, వాళ్లు మళ్లీ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. "నువ్వు పోయే ఇంటికి," అని భార్యను కసిరి, డబ్బా అందుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. ఆ వీపు కూడా నాకు సాక్ష్యంలాగే కనిపించింది.

మూడో వారం సుక్మాలో మా అక్క ఇంట్లో శుభకార్యం ఉంటే మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. వెళ్లేముందు చక్రం పన్నెండుకు కొట్టి, డెక్కు సమం చేశాను. సుక్మాలో భోజనాల దగ్గర కూడా మనసు షెడ్డులోనే ఉంది. నేను లేని మూడు రోజుల్లో టైరు పూర్తిగా నేలకు అంటుకుపోయి ఉంటుందనుకున్నాను. ఒక రకంగా ఆశపడ్డాను.

బస్సు దిగి నేరుగా మైదానానికి వెళ్లాను. పచ్చిక దువ్వినట్టు ఉంది. ఒక్క చార లేదు. షెడ్డులో గేజీ పెడితే పన్నెండు. ఆ మూడు రోజులూ అతను రోజంతా బండి నడిపాడు. మైదానం, బడి, గెస్ట్ హౌస్ అన్నీ కోశాడు.

మామూలు మనిషికి అక్కడ వెలగాలి. నాకు మరోలా వెలిగింది. నేను లేనప్పుడు గాలి తియ్యడు, ఎందుకంటే చూపించడానికి ఎవరూ లేరు. నేనుంటేనే తీస్తాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఆగస్టు పదిహేను దగ్గర పడుతోంది. ఆ రోజు మైదానంలో జెండా ఎగరేస్తారు, బడి పిల్లలు కవాతు చేస్తారు, కొండ మీది పెద్ద ఆఫీసర్లందరూ కుటుంబాలతో వచ్చి కూర్చుంటారు. మా తోట ఆఫీసరు రాయ్‌పూర్ వైపు హిందీ మనిషి. మంచివాడే కానీ తొందర ఎక్కువ. రెండో వారం చారలు చూసినప్పుడే నన్ను పిలిచి, "యే క్యా హై? మైదాన్ హై యా చటాయీ?" అన్నాడు. మైదానమా, చాపా అని. తప్పు బండిదైతే కొత్తది అడుగుదాం, మనిషిదైతే మనిషిని మార్చేద్దాం, ఏదో ఒకటి రాసి ఇవ్వమన్నాడు.

నేను రాసిచ్చాను. శుక్రవారం పొద్దున, రెండు పేజీలు, అంకెల పట్టికతో సహా. బండిలో లోపం లేదు. డెక్కు నేను సమం చేసిన ప్రతిసారీ సమంగానే ఉంది. సబ్బు పరీక్షలో చిల్లు లేదు. డ్రైవరు రాని రోజు గాలి తగ్గలేదు. కాబట్టి గాలి మనిషి చేతి మీదుగా పోతోంది. డ్రైవరు ప్రమాణానికి నిరాకరించాడు. ఆఫీసరు ఆ పట్టిక చూసి, "ఇంత లెక్క ఉంటే ఇంకేం కావాలి," అని, అతన్ని సోమవారం నుంచి మళ్లీ జల్లెడ ప్లాంటుకు పంపుతూ కాయితం టైపు చేయించాడు. ప్లాంటు అన్న మాట చెవిన పడగానే డాక్టరు చెప్పింది నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా అంకెలు నా వైపు ఉన్నాయి కదా అని బయటికి నడిచాను.

శనివారం బండి అప్పజెప్పుకోవడానికి షెడ్డుకు వెళ్లాను. అతను గుడ్డతో సీటు తుడుస్తున్నాడు. కాయితం అప్పటికే అందింది. నన్ను చూసి పక్కకు జరిగాడు. నేను చివరి కొలత తీసుకుందామని గేజీ తీశాను. బండిని ఆ రోజు సుద్ద గీతల మీద నిలపలేదు, షెడ్డు మూలకు పెట్టాడు. ఎడమ చక్రం గాలి ముక్కు కిందికి ఉంది. దొర్లించి పైకి తేవాలంటే అతన్ని సాయం పట్టమనాలి. అడగడానికి నోరు రాలేదు. వంగి, కింద ఉన్న ముక్కుకే గేజీ పెట్టాను.

నీళ్లు చిమ్మాయి. ముఖం మీద, చొక్కా మీద, నోటు పుస్తకం మీద. తుప్పు వాసనేస్తున్న నీళ్లు.

నాకు ఏమీ అర్థం కాలేదు. గేజీ తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ నీళ్లు.

"ఏందిది?" అన్నాను.

అతను గుడ్డ పిండుతూ చూశాడు. "నీళ్లే కదా బాబూ."

"టైర్ల నీళ్లేంది?"

"గీదంలో టైరు కొట్టోడు పోసీసినాడు. ట్రాక్టరు సెక్రం కదా, నీళ్లు పొయ్యకపోతే బురదలో జారిపోద్దని, పొలం బళ్లన్నిటికీ అలాగే సేత్తాడంట. ముప్పాతిక పైన నీళ్లు, మిగతాది గాలి. అందుకే బరువెక్కింది, నానూ మీ పికప్పు కుర్రోడూ కలిసి ఎత్తినాం ఆ పొద్దు."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు గాలెంత అనడిగినారు. పన్నెండని సెప్పినాను. ట్రాక్టర్లంటే అలాగే ఉంటాయి, మీకు తెల్దేటి అనుకున్నాను. మీరన్నీ కొలుత్తారు కదా."

మా బస్తర్ రైతుల పద్ధతి అది. వరి మడిలో చక్రం పట్టు దొరకాలని వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. గీదం టైరు మేస్త్రి రోజూ చేసే పని అదే. అతని దగ్గరికి వచ్చే ట్రాక్టర్లన్నీ మడిలో తిరిగేవే. పచ్చిక కోసే ట్రాక్టరు అతను చూసి ఉండడు. తీసుకెళ్లినవాడు ప్లాంటు మనిషి, పొలం తెలియదు. పొలం తెలిసిన నేను, మా ఊళ్లో ఎడ్లు తప్ప ట్రాక్టరు లేని రోజుల్లోనే ఊరు వదిలినవాణ్ని.

సుద్ద గీతల మధ్య నేల మీదే కూర్చుని పుస్తకం తెరిచాను. తడిసిన పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఈసారి రోజులు లెక్కపెట్టలేదు. గేజీ ఎన్నిసార్లు పెట్టానో అది లెక్కపెట్టాను. మొదటి వారం రోజుకు రెండు చొప్పున ఆరు రోజులు, పన్నెండుసార్లు, మూడు పౌండ్లు. రెండో వారం సోమవారం నుంచి బుధవారం దాకా రోజుకు నాలుగు చొప్పున పన్నెండుసార్లు, మూడు పౌండ్లు. గురువారం నుంచి శనివారం దాకా మళ్లీ పన్నెండుసార్లు, మళ్లీ మూడు పౌండ్లు. ఆదివారాలు సున్న, సున్న. సుక్మాలో ఉన్న మూడు రోజులు సున్న, సున్న.

నాలుగుసార్లు చూస్తే ఒక పౌండు. కుడి చక్రం నిండా గాలే, ఒక 'ఫుస్' పోతే దానికి తెలియదు. ఎడమ చక్రంలో నీళ్ల మీద మిగిలింది పిడికెడు గాలి. అందులోంచి నేను రోజుకు నాలుగుసార్లు చిటికెడు తీస్తున్నాను. నాలుగు దెబ్బలకే పంపు ఎక్కినప్పుడు కూడా ఆ టైరు నాకు ఆ మాటే చెప్పింది. గాలి తీసిన చెయ్యి ఎవరిదో రెండు పేజీల పట్టిక మొదటినుంచీ చెబుతూనే ఉంది. నేను వరసలు అడ్డంగా చదివాను, నిలువుగా చదవాల్సింది.

అతను గుడ్డ ఆరేసి, వెళ్లబోతూ ఆగాడు. "ఏటి బాబూ, అలా కూకుండిపోనారు?"

"నేనే తీసిన," అన్నాను.

"ఏటి?"

"గాలి. నేనే తీసిన. గేజీ పెట్టి పెట్టి."

అతనికి విడమరిచి చెప్పాను. పుస్తకం చూపించాను. అతను చదువుకున్నవాడు కాదు, కానీ పన్నెండు, మూడు, సున్న తెలుసు. అంతా విన్నాడు. తర్వాత అడిగింది ఒకటే.

"అలగైతే సోమారం నాను ప్లాంటుకెల్లక్కర్లేదా?"

అప్పుడే ఆఫీసరు క్వార్టరుకు సైకిల్ మీద వెళ్లాను. ఆయన బనీనుతో బయటికి వచ్చి, సాంతం విని నవ్వాడు. నీళ్లు చిమ్మిన దగ్గర మళ్లీ చెప్పించుకుని మళ్లీ నవ్వాడు. తర్వాత తల గోక్కున్నాడు. కాయితం ప్లాంటుకు వెళ్లిపోయింది, అక్కడ మనుషులు తక్కువగా ఉన్నారని వెంటనే పేరు ఎక్కించుకున్నారు, ఇప్పుడు అది తన చేతిలో లేదు. వెనక్కి తేవాలంటే మొదటి రిపోర్టు తప్పని రాతపూర్వకంగా కావాలి. "ఎవరు తప్పు చేశారో కూడా రాయాలి మాస్టర్‌జీ. పేరు లేకుండా పైవాళ్లు ఒప్పుకోరు."

అక్కడే వరండాలో కూర్చుని రాశాను. డ్రైవరు తప్పు లేదు. గాలి తగ్గడానికి కారణం నా కొలతలు. కింద నా సంతకం. నా అంకెల మీద సెక్షన్‌లో ఎవరికీ అనుమానం రాలేదు అంతవరకు. ఆ కాయితం తర్వాత వచ్చింది. రావలసిందే.

సోమవారం నుంచి లెక్కేస్తే పై నుంచి జవాబు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ అతను ప్లాంటులోనే ఉన్నాడు. కాయితం రాసిన మర్నాడు ఆదివారం అతనింటికి వెళ్లి, పై నుంచి జవాబు వచ్చేదాకా ప్లాంటుకు వెళ్లక తప్పదని చెప్పాను. భార్య గుమ్మంలో నిలబడి విన్నది. ఈసారి వేళాకోళం ఆడలేదు. "మీ కాయితం ఒక్క పూటలో ఎల్లింది బాబూ, రావడానికేటి ఇన్నాల్లు?" అంది.

నేను చక్రం విప్పి, ముక్కు లోపలి పిన్ను తీసి, నీళ్లన్నీ బయటికి వదిలాను. రెండు బకెట్లు నిండాయి. ఒట్టి గాలి పెట్టాను, పన్నెండు. డెక్కు సమం చేశాను, ముందు కొస రెండు సూతులు దించాను. పంద్రాగస్టుకు మైదానం కొయ్యడానికి వేరే మనిషి దొరక్క నేనే ఎక్కి నడిపాను. గాలి చూడలేదు. చూడాలని చెయ్యి చాలాసార్లు జేబు దాకా వెళ్లింది. మైదానం అద్దంలా వచ్చింది. పిల్లలు తెల్ల బూట్లతో నడిచారు. ఆఫీసరు నలుగురిలో నా భుజం తట్టాడు. వెనక వరసలో ప్లాంటువాళ్లు నిలబడ్డ చోట అతని కోసం చూశాను. షిఫ్టులో ఉన్నాడేమో, కనిపించలేదు.

ఇరవయ్యో రోజు పొద్దున షెడ్డుకు వచ్చాడు. కనురెప్పల మీద, చెవుల వెనక ఇంకా ఎరుపు ఉంది. నాలుగు నెలలు పట్టి తగ్గిన దగ్గు పంతొమ్మిది రోజుల్లో తిరిగొచ్చింది. సీటు మీద కూర్చుని, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఒంగి దగ్గాడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఏదో అనాలి.

"చక్రంల నీళ్లు తీసేసిన," అన్నాను.

"సూసినాను బాబూ."

"ఇంక నేను గేజీ పెట్టను. నెలకొకసారి నువ్వే చూసుకో."

తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. దగ్గు ఆ వానాకాలం దాటి, చలికాలం సగం దాకా ఉండి, తర్వాత మెల్లగా తగ్గింది. పూర్తిగా పోయిందని అతనెప్పుడూ అనలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత మా సెక్షన్‌లో ఇంకో రెండేళ్లు ఉన్నాడు. గడ్డి బాగా కోసేవాడు, చార పడనిచ్చేవాడు కాదు. నాతో అవసరానికి మాట్లాడేవాడు, మర్యాదగానే. కానీ మైదానం పక్క దారిలో నేను వస్తుంటే ఇంజను ఆపేసేవాడు. చేతులు రెండూ స్టీరింగు మీద, నాకు కనిపించేలా పెట్టుకుని కూర్చునేవాడు. నేను అవతలి గేటు దాటిపోయేదాకా మళ్లీ వేసేవాడు కాదు. మొదట్లో ఏదో పని ఉండి ఆపాడేమో అనుకున్నాను. ఏడెనిమిదిసార్లు అయ్యాక అర్థమైంది. ఏమని అడగను?

ఆస్పత్రి వెనక నుంచి పోవడం మొదలుపెట్టాను. నాలుగు వందల అడుగులు చుట్టు. అతను మధ్యాహ్నంలోపు మైదానం కోసి ముగించాలి కదా.